ఓడ ఎటు వెళ్లింది?

రజని అక్కా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. అంటార్కిటికా సముద్రంలో రొయ్యల్లాంటి క్రిల్ తగ్గిపోతోందని, చేపలకీ పెంగ్విన్లకీ తిండి దొరకదని భయపడేదానివి. మన కాలిఫోర్నియా ల్యాబ్ మీటింగ్‌లో, అది పెరిగిందని కొత్త సర్వే చూపించారు. సర్వేకి ఓడ ఇచ్చింది క్రిల్ పట్టే కంపెనీయే. వాళ్ల మనిషి అందరికీ డోనట్లు పంచుతుంటే నాకు అనుమానం వచ్చింది.

“ఓడ ఎటు వెళ్లాలో ఎవరు డిసైడ్ చేశారు?” అని అడిగాను.

“మా కెప్టెనే. క్రిల్ ఎక్కడుంటుందో ఆయనకి తెలుసు,” అన్నాడు.

అంటే క్రిల్ ఉన్నచోటే వెతికి, పెరిగిందన్నారు. నా వీసా మన ప్రొఫెసర్ చేతిలో ఉన్నా, ఆ సర్వే మీద మన ల్యాబ్ రాసే పేపర్‌లో నా పేరు వద్దన్నాను.

మీటింగ్ తర్వాత ప్రొఫెసర్ నా డెస్క్ దగ్గరికి వచ్చి, “రజని అయితే ఇదే అడిగేదా?” అన్నారు.

“నాకంటే ముందే అడిగేది,” అన్నాను.

ఆయన నీ కుర్చీ లాక్కుని కూర్చుని, “ఓడ తిరిగిన మ్యాప్ ఓపెన్ చెయ్యి,” అన్నారు.

నువ్వు పోయాక అప్పటిదాకా ఆ కుర్చీలో ఎవరూ కూర్చోలేదు.