ఈసారి పడేదెవరు

చిక్కడపల్లి,
18 నవంబర్ 2024, సోమవారం.

చి.ల.సౌ. స్వర్ణకు,

అక్క నర్మద ఆశీస్సులు. కరీంనగర్‌లో నువ్వూ, కిషన్ రావు మరిదీ చల్లగా ఉన్నారని తలుస్తున్నాను. అమ్మ మోకాళ్లు తప్ప ఇక్కడ అన్నీ బాగున్నాయి. ఫోన్‌లో చెబితే ఇంట్లో అందరూ వింటారు. అందుకే రాస్తున్నాను.

నిన్న పొద్దున కార్తీక స్నానం చేసి తులసి దగ్గర దీపం పెట్టాను. పాలవాడు ప్యాకెట్లు గేటుకు తగిలించి వెళ్లాడు. పాలు పొయ్యి మీద పెట్టి సహస్రనామం అందుకున్నాను. సగంలో ఉండగా మేడ మీద అడుగుల చప్పుడు వినిపించింది. ఎక్కడా తడబడని చప్పుడు. ఎవరా అని పాలు దించి మెట్లెక్కాను.

మన తమ్ముడు సేన భార్య అనూహ్య ఒక్కతే నాట్యం ఆడుతోంది. వాళ్లిద్దరి ఆట నువ్వు ఫోన్‌లోనే చూశావు, గానసభ వేదిక మీద ఎదురుగా చూడలేదు. ఏదో పాత ఇంగ్లిషు సినిమాలోని పాట అది. టోపీ పెట్టుకుని సేన పాడుతూ ఆడతాడు. అనూహ్య గిర్రున తిరిగి ఒంటికాలి మీద నిలబడబోయి పడుతుంది. నేల తాకేలోపు సేన పట్టుకుంటాడు. సభంతా విరగబడి నవ్వుతుంది. వాళ్లకు పేరు వచ్చింది ఆ పడటంతోనే.

నిన్న ఆమె పడలేదు. గాలి లేనిచోట దీపంలా నిలబడింది.

ఇంత బాగా నిలబడగలిగినదానివి ఎందుకు పడతావని అడిగాను. పడీపడీ విసుగొచ్చింది వదినా అంది. అశోక్ నగర్‌లో చాయ్ బండి దగ్గర కోచింగ్ పిల్లలు, అక్కా ఒక్కసారి పడరాదా, జర వీడియో తీసుకుంటం అంటారట. కూరగాయల సత్తవ్వ అయితే, ఏం బిడ్డా, ఇయ్యాల ఎక్కడ పడ్డవు అని అడిగి గానీ తూకం వేయదట. వాటికి తానూ నవ్వేస్తానంది. కానీ నారాయణగూడ బడిలో ఆమె నాట్యం నేర్పే పిల్లలు కూడా ఇప్పుడు తిరగడం అయిపోగానే కావాలని పడుతున్నారట. నాట్యమంటే అదే అనుకుంటున్నరు వదినా అంది. ఈ నెలాఖరు ఆటలో పడనే పడనని, మళ్లీ పడమంటే ఇక వేదికే ఎక్కనని చెప్పింది. సేన ఒప్పుకోవడం లేదట. ఇంకో మాట కూడా చెప్పింది. అది చివర రాస్తాను.

నాకు ఆ సినిమా చూడాలనిపించింది. మధ్యాహ్నం సేనను అడిగి పెట్టించుకున్నాను. ఇంగ్లిషు నాకు అందదు కదా, అనూహ్య పక్కన కూర్చుని అర్థం చెప్పింది. అందులోనూ పేరున్న మొగుడూ పెళ్లాలే. ఇంట్లో మాటామాటా అనుకుంటారు, వేదిక మీద చేతులు పట్టుకుని నవ్వుతారు. ఆ నవ్వు ఉత్తదో, నిజమో నాకు అంతుపట్టలేదు. నడుమ భార్య అలిగి వెళ్లిపోయింది. ఎందుకని అడిగాను. పేరు కోసం అక్కా అన్నాడు సేన. పేరు కోసం కాదు, పేరు ఎట్ల వచ్చిందో ఆయన మరిచిపోయిండు, అందుకు అంది అనూహ్య. ఇద్దరూ సినిమానే చూస్తున్నారు, ఒకరినొకరు చూసుకోలేదు. పెళ్లి చేసుకోని నాకు ఇదంతా వింతగానే ఉంటుంది.

సాయంత్రం అందరం కూర్చున్నాం. జనం వచ్చేదే ఆ పడుడు చూసేటందుకు, నిలబడితే ఎవరు నవ్వుతరు అన్నాడు సేన. నవ్వకుంటే ఏమాయె, ఒక్కనాడు ఆట చూడుమను అంది అనూహ్య. అమ్మ మోకాలికి నూనె రాసుకుంటూ, ఇన్ని రోజులు అది పడ్డది కదరా, నవ్వే కావాలంటే ఈసారి నువ్వు పడు, అది పట్టుకుంటది అంది.

అనూహ్య పక్కున నవ్వింది. సేన వాదిస్తాడనుకున్నాను. క్యారమ్స్‌లో కూడా ఓటమి ఒప్పుకోనివాడు కదా. సరే అమ్మా అన్నాడు, అంతే. ఆ ఒప్పుకోలు చూసి అమ్మే బిత్తరపోయింది. నెలాఖరున గానసభలో అనూహ్య నిలబడాలని, సేన పడాలని అలా తేలింది.

దీపం ముందు నీ పేరు కూడా తలుచుకుంటూ,
నీ అక్క
నర్మద

తా.క.: ఇది మరిదికి చదివి వినిపించకు. మొట్టమొదటి ఆటలో తప్పింది సేన అడుగు. తిరుగుతున్న అనూహ్యకు అడ్డం వచ్చాడు. ఆ తప్పు సభకు కనబడకూడదని ఆమె కావాలని పడిందట. ఆయనకు తెల్వదు వదినా, తెలిస్తే చిన్నబోతడు అని మేడ మీద చెప్పింది. సాయంత్రం అందరూ లేచాక సేన పూజగదిలోకి నా వెనకే వచ్చాడు. మొదటినాడు తప్పింది నా కాలే అక్కా, నాకు ఎరుకే అన్నాడు. మరి ఆమెతో ఎందుకు అనలేదురా అని అడిగాను. ఎప్పుడన్న తనే అంటదేమో అని చూస్తున్న, అంటలేదు అన్నాడు. ఒకరి మాట ఒకరికి నేను చేరవేయలేదు. ఆట రోజుకు నువ్వు రా. వాడు పడటం కాదు, ఆమె పట్టుకున్నాక వాడి మొహం ఎలా ఉంటుందో చూడాలని ఉంది.