సిమెంటు పెరుమాళ్ల ముందు కాట్పాడి పాసింజరు

వియంటియాన్, లావోస్

పూజ్యులైన నాయనకు, మీ వరదుడు సాష్టాంగపడి రాసుకునేది. నేనిక్కడ కులాసాగానే ఉన్నాను. మీరు, అమ్మ ఎలా ఉన్నారు? అమ్మ మోకాలినొప్పి తగ్గిందా? గుడిలో ఆళ్వార్ల ప్రబంధం చదవడానికి రోజూ వెళ్తున్నారా, గొంతు సహకరిస్తోందా? వారం వారం ఫోన్లో మాట్లాడుతూనే మళ్లీ ఈ ఉత్తరం ఏమిటని మీరనుకుంటారు. ఇది ఫోన్లో చెప్పడానికి నాకు ముఖం చెల్లలేదు. అమ్మ స్పీకరు పెడుతుంది, పక్కింటివాళ్లూ వింటారు. మా హోటల్లో తందూరు చూసే పాకాల కాదర్ బాషా పెళ్లికని ఊరికొస్తుంటే అతని చేతికిచ్చి పంపుతున్నాను.

పని బాగానే ఉంది. దోసె పెనం నాదే. ఎండ మన తిరుపతి ఎండే, దానికి తోడు ఒళ్లంతా జిగట. ఇక్కడివాళ్లు ముద్దగా అతుక్కునే అన్నం వెదురు బుట్టలో పెట్టుకుని తింటారు, నాకూ అలవాటైంది. చేపా మాంసం ముట్టడం లేదు, అమ్మకు మళ్లీ చెప్పండి. సాయంత్రం గదికి వస్తే మాత్రం తెలుగు మాట వినబడక చెవులు పీకుతాయి.

నేనుండే ఇంటి యజమానురాలు పెద్దావిడ. అవ్వా అని పిలుస్తాను, పలుకుతుంది. వాళ్లాయనకు, అంటే తాతకు, పక్షవాతం వచ్చి మాట పోయింది. మంచం మీద కూర్చుంటాడు, చూస్తాడు, అంతే. నాది తిరుపతి అనీ, మా నాయన గుడిలో పారాయణం చేస్తాడనీ నాకొచ్చిన నాలుగు లావో మాటల్లోనే అవ్వ దగ్గర చాలా గొప్పలు పోయాను. మీ పేరు చెప్పుకుంటే ఇక్కడ నాకూ ఒక మర్యాద.

పోయిన ఆదివారం అవ్వ నన్నూ కాదర్ బాషానూ మేకాంగ్ నది ఒడ్డున ఒక తోటకు తీసుకెళ్లింది. అంత వింత తోట నేనెక్కడా చూడలేదు నాయనా! ఎవరో సాధువు శిల్పశాస్త్రం చదవకుండా, తనకు తోచినట్టు సిమెంటుతో దేవుళ్లను కట్టించాడట. బుద్ధుడు, శివుడు, ఇంద్రుడు, ఏనుగులు, మొసళ్లు, అందరూ ఒకే గడ్డిలో. గుమ్మడికాయలాంటి కట్టడానికి రాక్షసి నోరే వాకిలి. ఆ నోట్లోంచి దూరితే నరకం, పైకెక్కితే స్వర్గం. నాలుగు చేతులతో మన పెరుమాళ్లలాగా ఒక విగ్రహముంది. నాచు పట్టి, ముక్కు అరిగి ఉన్నాడు. చూడగానే నవ్వొచ్చింది.

అవ్వ ఆ విగ్రహం ముందు మోకాళ్లమీద కూర్చుంది. ఆమె అన్నదాన్ని, ఇక్కడి భాష బాగా వచ్చిన కాదర్ బాషా తెలుగులో చెప్పాడు. "ఈయన మీ దేశపు దేవుడు కదా. మా మాట ఆయనకు తెలుస్తుందో లేదో. మా ఆయనకు మాట ఇమ్మని ఆయన భాషలో నువ్వు అడుగు" అందట. అని ఫోను తీసి రికార్డింగు పెట్టింది.

గోవిందా అని దండం పెట్టి ఊరుకున్నా అయిపోయేది. ఆమె ముందు చిన్నబోవడం ఇష్టంలేక, మీరు అరుగు మీద కూర్చోబెట్టి నేర్పబోయిన పాశురం ఎత్తుకున్నాను. మొదటి పాదం వచ్చింది, రెండోది రాలేదు. ఫోన్లో రికార్డింగు నడుస్తూనే ఉంది. నా బుద్ధి గడ్డి తిన్నది నాయనా. అదే రాగంలో "కాట్పాడీ... చిత్తూరూ... పాకాలా... చంద్రగిరీ... తిరుపతీ..." అని సాగదీశాను. చిత్తూరు హోటల్లో పనిచేసినప్పుడు నేనెక్కిన పాసింజరు స్టేషన్లు! అదీ మీ గొంతు పెట్టి, మీరు చివర్లో తీసే విరుపుతో సహా. కాదర్ బాషా నవ్వుతాడనుకున్నాను. అతను నవ్వలేదు.

"ఏం పని సేసినావప్పా వరదా? ఆయమ్మ నీకు మొక్కతా ఉండాది, సూడు" అన్నాడు.

చూస్తే నిజంగానే ఆమె విగ్రహానికి మొక్కి, నా వైపు తిరిగి నేలకు తల ఆనించి ఉంది. నాకు తల కొట్టేసినట్టయింది. అప్పుడైనా చెప్పొచ్చు కదా, చెప్పలేదు.

అంతటితో పోలేదు. అవ్వ ఆ రికార్డింగును రోజూ పొద్దున తాత మంచం దగ్గర పెడుతుంది. గోడ ఇవతల నేను పళ్లు తోముకుంటూ వింటాను. అచ్చం మీరే చదువుతున్నట్టుంటుంది, మాటలు మాత్రం రైలు స్టేషన్లు. ఇక ఉండబట్టలేక నిజం చెప్పేద్దామని మొన్న కాదర్ బాషాను వెంటబెట్టుకుని వెళ్లాను. మేము గడప దాటుతుండగా తాత నోరు కదిలింది. "పా... కా... ల" అన్నాడు.

అవ్వ ఏడ్చింది, అరిచింది. వీధివాళ్లందరూ వచ్చారు. ఇక్కడ ఆశీర్వాదానికి మణికట్టుకు తెల్లదారం కడతారు. ఒక్కొక్కరూ వచ్చి నా చేతికి కట్టారు, మోచేతిదాకా దారాలే. ఛీ, ఎంత సిగ్గుతో నిలబడ్డానో మీకెలా చెప్పను! రోజూ చెప్పు చెప్పు అని నన్ను పోరిన కాదర్ బాషా కూడా "ఇప్పుడు సెప్పబాకప్పా, ముసిలాయన నోట్లోంచి వచ్చిన మాట మళ్లా లోపలికి పోతాది" అన్నాడు.

నిన్న అవ్వ ఆ మంత్రానికి అర్థమేమిటని అడిగింది. మా ఇంటికి పోయే దారి అన్నాను. ఆమె నా చేయి పట్టుకుని, "అయితే మా ఆయన కూడా ఆ దారినే ఇంటికి వస్తున్నాడు" అంది. నాయనా, ఆ మాటకు నేను గదిలోకెళ్లి తలుపేసుకుని ఏడ్చాను.

వచ్చే పున్నమికి తాతను చక్రాల కుర్చీలో ఆ తోటకు తీసుకెళ్తారట, నన్ను మళ్లీ చదవమంటున్నారు. అంతలోపల ఆ పాశురం నాకు నేర్పండి. ఈ ఉత్తరం అందిన మర్నాడు పొద్దున మీ స్నానమయ్యాక ఫోన్ చేస్తాను. తిట్టండి, పడతాను, కానీ నేర్పండి. ఆ రోజు ముందు అది చదివి, తరువాత అవ్వకు నిజం చెప్పేస్తాను. ఆమె వచ్చి ఈ దారాలు తెంపేసినా సరే. మీకు వేరే ఆలోచన ఉంటే అదీ చెప్పండి, మీ మాట ప్రకారం చేస్తాను.

అమ్మను చింతకాయ తొక్కు కాదర్ బాషాకు ఇచ్చి పంపమనండి. పెద్దలందరికీ నా దండాలు. నన్ను ఆశీర్వదించండి, నా మీద కోపముంటే అది తగ్గాకైనా ఆశీర్వదించండి.

కింద మీలాగా అడియేన్, దాసుణ్ణి, అని రాయబోయి ఆగిపోయాను. మీ గొంతును అడక్కుండా వాడుకున్నది చాలు.

మీ చిన్నవాడు,
వరదుడు