యాదమ్మ కాజాలు

శనివారం, అబిడ్స్

మా కుట్టు దుకాణంలో పద్దెనిమిదేళ్లుగా కాజాలు కుట్టిన యాదమ్మ ఈ రోజు పని మానేసింది. గన్‌ఫౌండ్రీలో వేరే దుకాణంలో చేరుతుందట. జీతం పెంచుతానన్నాను.

"పైసల ఫికర్ కాదమ్మా. గిన్నేండ్లల్ల ఒక్కపారన్న మంచిగ కుట్టినవ్ అనకపోతిరి," అంది.

తప్పు కాజాను విప్పించడం, సరైనదాన్ని మాట్లాడకుండా పక్కన పెట్టడం నా పద్ధతి. ఆ మౌనమే మెప్పని ఆమెకు తెలుసనుకున్నాను. పని చేయించడమంటే అదేననుకున్నాను.

నాంపల్లి బస్టాపు దాకా వెంట వెళ్లాను. దారంతా ఆ ఒక్క మాట నోటిదాకా వచ్చి ఆగింది. బస్సు రాగానే, "టిఫిన్ డబ్బా మరిచిపోకు," అన్నాను.

"ఔ, గిసొంటియే జెప్తరు మీరు," అని నవ్వుతూ ఎక్కింది.

ఇంటికొచ్చాక మనవరాలు అడిగింది: "యాదమ్మ బాగా కుట్టేదా, అమ్మమ్మా?"

"అంత బాగా ఇంకెవరూ కుట్టలేరు," అని వెంటనే అనేశాను.