పనికిరాని బీడీల గంప

నర్సక్కా,

నువ్వు పోయి నేటికి ఏడాది. ఏడవడానికి కాదు, మీ సంఘంలో పనిచేసేవాడిగా గెలిచిన సంగతి చెప్పడానికి రాస్తున్నాను.

సిద్దిపేట బీడీల కార్ఖానాలో ఆ గంప గుర్తుందా? మీరు ఇంట్లో చుట్టి తెచ్చిన బీడీల్లోంచి చేతికందినన్ని తీసి, పనికిరావని గుమాస్తా అందులో పడేసేవాడు. వాటికి కూలీ ఇవ్వడు, తిరిగీ ఇవ్వడు. "పనికిరానియి నీకెందుకు?" అని అందరికంటే ముందు నువ్వు అడిగినందుకే నీకు చుట్టడానికి ఆకు ఇవ్వడం ఆపేసి పని మాన్పించారు. రేడియోలో మాట్లాడే పెద్దల లెక్కలో మీది పనే కాదు, తీరిక వేళ కాలక్షేపం! నడుములు వంగిపోయే కాలక్షేపం ఏ లోకంలో ఉంది?

నిన్న ఆడవాళ్లంతా కార్ఖానా గుమ్మంలో బైఠాయించారు. మీ చెల్లె ఎల్లవ్వ ఆ గంపను ముందుకు లాగింది.

"గివి పనికిరానియేనా సారూ?"

"పనికిరానియే."

"అయితే తుంపుతం" అని గుప్పెడు తీసి నలిపేసింది. అందరూ గంపలో చేతులు పెట్టేసరికి గుమాస్తా ఉరికొచ్చాడు.

"ఆగుండ్రమ్మా! మంచి బీడీలు ఖరాబు చేస్తున్రు!"

గుమ్మమంతా ఒక్కసారిగా నవ్వింది.

"గా మాట సేటు ముంగట గూడ అను బిడ్డా!" అంది ఎల్లవ్వ.

యజమాని సేటు గుమాస్తా వెనకే ఉన్నాడు, అంతా విన్నాడు. ఇకనుంచి పనికిరానివి ఆడవాళ్ల కళ్ల ముందే తుంపాలి, మిగిలినవన్నీ కూలీ లెక్కలో కలపాలి అన్నాం. ఒప్పుకోక ఏం చేస్తాడు!

ఖాళీ అయిన గంపను ఎల్లవ్వ బోర్లించింది. అలసిపోయింది కదా, దానిమీద కూర్చోమని ఆమెతో అన్నాను.

"నేనెట్ల కూసుంట అన్నా? గది మా అక్క జాగ" అంది.