కర్ర వదలమన్నప్పుడు

చిరంజీవి చిన్నాకు అమ్మ మనసారా దీవించి రాస్తున్నది.

ఇక్కడ నాన్న, నేను క్షేమం. ఒంటి వరకూ ఆ మాట నిజమే. నువ్వూ, కోడలూ, పాపా కులాసాగా ఉన్నారని తలుస్తున్నాను.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు. ఎడమచేతి కట్టు విప్పేశారు. మణికట్టు ఇంకా పూర్తిగా తిరగడం లేదు, జడ వేసుకోవడమే ఇబ్బంది. ఆ పని మీ నాన్న నెత్తినేసుకున్నారు. జడ వేస్తున్నారో తాడు పేనుతున్నారో తెలియదు గానీ, వద్దంటే అలుగుతారని ఊరుకుంటున్నాను. వంటా ఆయనదే. కూర మాడినప్పుడల్లా స్టవ్వు మంచిది కాదంటారు. పాపకు పళ్ళొచ్చేటప్పుడు ఒళ్ళు కాస్త వెచ్చబడడం మామూలే, నీకూ అంతే. కోడల్ని బెంగపడొద్దను.

ఇక అసలు ప్రశ్న. నాకు విమానం నేర్పిన మాస్టారి పూర్తి పేరు, లైసెన్సు వివరాలు పంపమన్నావు. అతని మీద ఫిర్యాదు రాస్తానన్నావు. పంపను. ఎందుకు పంపనో ఫోన్లో చెబుదామనుకున్నాను గానీ, "ఎలా ఉన్నావమ్మా" అని నువ్వనగానే బాగున్నానని చెప్పి పెట్టేశాను.

ఉద్యోగమంతా టికెట్ల కౌంటర్లో కూర్చుని జనాన్ని ఊళ్ళకు పంపినదాన్ని. రిటైరయ్యాక నేనూ కదలాలనిపించి విమానం నేర్చుకోవడానికి చేరాను. "ఈ వయసులో నీకెందుకే" అని మీ నాన్న మొత్తుకున్నా వినలేదు. ఇద్దరే పట్టే బుల్లి విమానం. పక్కపక్కన సీట్లు, ఎవరి ముందు వాళ్ళకో విమానం నడిపే కర్ర. రెండూ కలిసే కదులుతాయి. నేను నాది లాగితే మాస్టారిదీ వెనక్కి వస్తుంది. నీ ఈడువాడే అయినా నేను మాస్టారూ అనే పిలిచేదాన్ని. చెప్పిందే ఎన్నిసార్లు చెప్పించుకున్నా విసుక్కునేవాడు కాదు. "తొందరేం లేదు మేడమ్, నేల ఎక్కడికీ పోదు" అనేవాడు.

ఆ రోజు దిగుతున్నాం. రన్‌వే దగ్గరపడింది. పక్కగాలి ఒక్కసారిగా కొట్టి రెక్క ఒరిగింది. నేల మీదికొచ్చేస్తున్నట్టు అనిపించింది. విమానం ముక్కు పైకెత్తితే తప్పించుకుంటాననుకుని కర్రను పొట్టకేసి లాగాను. అలా లాగితే వేగం చచ్చి రాయిలా పడతామని అతను మొదట్లోనే నేర్పాడు. "వదలండి, నేను చూసుకుంటా" అన్నాడు. వినబడింది చిన్నా. చెవికి పెట్టుకున్న హెడ్‌ఫోన్లో స్పష్టంగా వినబడింది. వదల్లేదు. అతను ముందుకు తోస్తుంటే, నేను రెండు చేతులా వెనక్కి గుంజాను. ఆ పెనుగులాటలోనే రన్‌వే పక్కన గడ్డిలో పడ్డాం. చక్రం విరిగి, ఒక రెక్క మీదికి ఒరిగి ఆగింది.

నాకు చెయ్యి విరిగింది. అతనికి తలకు దెబ్బ తగిలింది. స్పృహ వచ్చాక, దిగడం మొదలుపెట్టిన దగ్గర్నుంచి అతనికేదీ గుర్తులేదు. కాస్త నడవగలిగాక ఆస్పత్రిలో నా గదికొచ్చాడు. గోడ పట్టుకుని నిలబడి, "మేడమ్, చివర్లో నేనేం చేశాను?" అని అడిగాడు.

"నాకూ గుర్తులేదు" అన్నాను.

పక్కన మీ నాన్న ఉన్నారు. వద్దన్న మనిషి ముందు తప్పు నాదని ఒప్పుకోవడానికి నామోషీ అనిపించింది. అంతే కారణం. ఇంతకన్నా మంచి కారణం కోసం వెతుక్కున్నాను, దొరకలేదు. విచారణకొచ్చిన అధికారికీ అదే చెప్పాను. మాస్టారే కర్ర ఆలస్యంగా అందుకున్నాడని తేల్చుకుని, అతన్ని పాఠాలు చెప్పకుండా ఆపేశారు. నువ్వు ఫోన్ చేసి నానామాటలూ అంటే, అతను ఎదురు చెప్పకుండా విని క్షమించమన్నాడని రాశావు. అది చదివాక నాకు అన్నం సహించలేదు.

ముందు నాన్నకు చెప్పాను. ఆయన లేచి చెప్పులు వేసుకుని, "పద, నేనూ వస్తా" అన్నారు. అధికారి దగ్గర ఉన్నదున్నట్టు చెప్పాను. అక్కణ్ణుంచి మాస్టారింటికి వెళ్ళాం.

అంతా విని, పోనీలెండి అంటాడని ఆశపడ్డాను, సిగ్గులేకుండా. అతను తన అరచేతులు చూసుకుంటూ కూర్చున్నాడు.

"ఆ గాలికి నా చేతులే ఆడలేదనుకున్నాను మేడమ్. ఇన్నాళ్ళూ మా అమ్మాయిని స్కూటర్ ఎక్కించుకోవడానికి కూడా భయపడ్డాను" అన్నాడు. "మీకు తెలిసి కూడా..." అని ఆగిపోయాడు.

నేను క్షమించమన్నాను. అతను తలుపు దాకా వచ్చి, మెట్లు జాగ్రత్త అన్నాడు.

ఇప్పుడతను మళ్ళీ పాఠాలు చెబుతున్నాడు. నన్ను మాత్రం ఇక చేర్చుకోనని కబురు పంపాడు. సబబే.

నా మీద నీకెంత కోపమొచ్చినా పడతాను. కానీ ముందు అతనికి ఫోన్ చెయ్యి. మా అమ్మ అబద్ధమాడింది అని ఆ మాటతోనే చెప్పు. పెద్దావిడ, కంగారుపడింది, భయంలో మర్చిపోయింది అంటూ మెత్తగా చుట్టకు. నన్ను వెనకేసుకు రాకు, చిన్నా.

ఇట్లు,
నీకు ముఖం చూపించలేని
మీ అమ్మ