ఇనుము చేయని పని

జూన్ 11, 2024. మదనపల్లె

ఈ రోజు కూడా బుడగలు వచ్చాయి. ఫార్మిక్ యాసిడ్‌లో ఇనుముతో నేను చేసిన ఐరన్ కాంప్లెక్స్ పొడి చిటికెడు వేసి తిప్పితే పది నిమిషాల్లో హైడ్రోజన్. రేపటి బండ్లకు ఇంధనం. పల్లాడియం అనే ఖరీదైన లోహం చేసే పనిని నా ఇనుము చేస్తుంది. నాలుగేళ్ల థీసిస్ మొత్తం ఈ ఒక్క మాట.

జూనియర్ శాలినికి మాత్రం రావడం లేదు. అక్కా, అన్నీ నువ్వు చెప్పినట్టే చేస్తాండా, ఒక్క బుడగ కూడా రాలా అంటుంది. చేతకాని వాళ్లకు ఏదీ రాదన్నాను.

జూన్ 19

పదకొండోసారి కూడా శాలినికి సున్నా. తేదీ వేసి మరీ నోట్‌బుక్కులో రాసింది, రాలేదని. ఒళ్లు మండిపోయి అందరి ముందూ దులిపేశాను. పురుషోత్తం సార్ మా ఇద్దరికీ గైడ్. ఆ పిల్లను తీసేయమని ఆయనకు నేనే చెప్పాను. తీసేశారు.

జూన్ 20

ఏడవకుండా వెళ్లింది. కుప్పం బస్సు ఎక్కిందట.

జులై 8, మధ్యాహ్నం

ఫ్లాస్కులో వేసి తిప్పే మ్యాగ్నెటిక్ బీడ్ కనబడలేదు. మా లాబ్‌లో కొత్తవి కొనరు, సీనియర్లు వదిలేసినవే కడుక్కుని వాడతాం. శాలిని తన డబ్బుతో కొనుక్కున్న కొత్త బీడ్ సొరుగులో ఉంటే అది వేశాను.

బుడగలు రాలేదు.

సాయంత్రం

నా పాత బీడ్ కడిగినవి ఆరబెట్టే ఓవెన్‌లో దొరికింది. వేశాను, వచ్చాయి. ఐరన్ అసలు కలపకుండా వేసి చూశాను. అయినా వచ్చాయి.

జులై 9, పుంగనూరు

ఆ బీడ్ ఒకప్పుడు మా సీనియర్ నరేష్ అన్న వాడింది. ఇప్పుడు ఇక్కడ లెక్చరర్. దాంతో ఏం చేసేవాడివని అడిగాను. మూడేళ్లూ పల్లాడియమే, యాల అడుగుతాండావు సుమలతా అన్నాడు. ఊరికే అన్నాను.

బీడ్ గీతల్లో ఇరుక్కున్న ఆ కాస్త పల్లాడియమే పని చేసింది. నా ఇనుము ఏమీ చేయలేదు. శాలిని తప్పు ఏమీ లేదు.

జులై 10

సార్‌కు చెప్పాను. లేచి తలుపు వేశారు. థీసిస్ పంపించేసినాం, ఇప్పుడు ఎనక్కి యాడికి పోతావమ్మా, ఎవరూ అడగరులే అన్నారు. సిగ్గులేకుండా ఊపిరి పీల్చుకున్నాను.

జులై 14, కుప్పం

చెప్పేద్దామనే శాలిని ఇంటికి వెళ్లాను. ప్రైవేటు స్కూల్లో టీచరుగా చేరిందట. వాళ్లమ్మ సంగటి పెట్టింది. మా పాపకు చేతకాలేదు, నువ్వేం చేస్తావులేమ్మా అంది. తిన్నాను. బస్టాండు దాకా వచ్చి శాలిని అడిగింది, నేను యాడ తప్పు చేసినానో తెలిస్తే చెప్పక్కా అని. బస్సు వచ్చేసింది.

థీసిస్ మీద ప్రశ్నలడిగే వైవాలో ఎవరైనా అడిగితే మాత్రం దాచను. ఒట్టు.

నవంబర్ 22

వైవాకు బయటి నుంచి వచ్చిన ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ అడిగారు, ఈ రియాక్షన్ ఇంకెవరైనా చేసి చూశారా అని. శాలిని అనే అమ్మాయి చేసింది సార్ అన్నాను. వచ్చిందా అన్నారు.

వచ్చింది సార్ అన్నాను.

ఆ పిల్ల పేరు రాసుకున్నారు.