పెద్ద తూటా

ల్యాండర్, వ్యోమింగ్

మామయ్యా,

ఎదురుగా నిలబడి చెప్పే ముఖం లేక ఇలా రాస్తున్నాను. నిన్నటి సంగతి మీ అమ్మాయి డార్లాకు ఇంకా చెప్పలేదు.

కిందటేడు అక్టోబరులో లోయకు అవతల నిలబడ్డ ఎల్క్ దుప్పిని మీ పాత రైఫిల్‌తో కాల్చాను కదా. అది కాలు విరిగి అడవిలోకి పోయింది. చీకటిపడేదాకా మంచులో వెతికినా దొరకలేదు. గుడారానికి తిరిగొచ్చాక అందరి ముందూ తప్పంతా మీ తూటా మీదికి నెట్టాను. "భుజానికే తగిలింది, నా కళ్లతో చూశాను. అంత దూరానికి ఈ చిన్న తూటాకు బలం చాలదు" అన్నాను. మీరు నా కప్పులో ఇంకాస్త కాఫీ పోశారు.

అందుకే ఏరికోరి ఇంత పెద్ద తూటా, దానికి తగ్గ కొత్త రైఫిల్ కొని, గురి సరిచూసుకుందామని నిన్న మీ కొట్టం దగ్గరికి తెచ్చాను. "ఏం అల్లుడూ, దుప్పిని కొడతావా, కొండను కూలుస్తావా?" అని నవ్వారు. "ఇలా తే, నేను తూటా నింపి ఇస్తా" అని తుపాకి తీసుకుని, అటు తిరిగి తూటా గది మూసి నా చేతికిచ్చారు. గురిచూసి ట్రిగ్గర్ నొక్కాను. టిక్‌మంది, అంతే. పేలని తుపాకికే నా కళ్లు మూసుకుపోయి, ఒళ్లంతా అదిరి, గొట్టం నేలకు వాలింది. తూటా మీ జేబులోనే ఉంది.

కొట్టం దగ్గర ఎవరూ లేరని చూసుకుని, "తుపాకి భుజాన్ని తన్నుతుందని ముందే జడుసుకుంటున్నావు నాయనా. తూటా పెద్దదయ్యేకొద్దీ జడుపూ పెద్దదవుతుంది" అన్నారు మెల్లగా.

ఆదివారం భోజనాల దగ్గర మీ తుపాకి మీద వేసిన నింద నేనే తీసేస్తాను. దయచేసి నన్ను కాపాడాలని మీరు మాట మార్చకండి.

ఒక్కటి మాత్రం ముందు మీకే చెప్పాలి. ఆ రోజు తూటా ఎక్కడ తగిలిందో నేను చూడనే లేదు. అప్పుడూ నా కళ్లు మూసుకునే ఉన్నాయి.

మీ అల్లుడు